టీవీకి ఇచ్చేసిన శనివారం

మిషిగన్ స్టేడియంలో ఆట చివరికొస్తుండగా మైకులో ఒక ప్రకటన వినిపించేది. ఆ రోజు వచ్చిన జనం ఎంతమందో చదివి, ఇవాళ అమెరికా మొత్తంలో ఫుట్‌బాల్ చూడటానికి ఒకచోట చేరిన అతి పెద్ద గుంపు మీదేనని, వచ్చినందుకు థాంక్స్ అని ఆ గొంతు నిదానంగా చెప్పేది. సంఖ్య ఎప్పుడూ లక్ష పైనే. 1975 నవంబరు 8న మొదలైన వరస అది. కోవిడ్ ఏడాది జనం లేకుండా ఆడిన ఆటలు పక్కన పెడితే ఇప్పటికీ తెగలేదు. కాబట్టి లెక్క ప్రకారం ఎవరూ ఎక్కడికీ పోలేదు. నేను చెప్పబోయేది ఆ లెక్కలోకి రాని నష్టం గురించి.

మిషిగన్ విశ్వవిద్యాలయం ఉన్న ఆన్ ఆర్బర్‌కి నేను ఎమ్మెస్ చదవడానికి వచ్చింది 1993లో. వచ్చిన వారానికే మా రూమ్మేటు, నాకన్నా రెండేళ్ళు సీనియరు, నెల్లూరాయన, "ఏరా, ఫుట్‌బాల్ టికెట్లు తీసుకున్నావా లేదా?" అని అడిగాడు. ఆ ఆట ఎలా ఆడతారో కూడా నాకు తెలియదన్నాను. "తెలియక్కర్లేదురా. శనివారం ఊళ్ళో నీకు మాట్లాడ్డానికి మనిషి దొరకడు. లైబ్రరీలో ఒక్కడివే కూర్చుంటావా?" అన్నాడు. రూపాయల్లోకి మార్చి చూసుకుంటే గుండె ఝల్లుమనే రోజులవి. అయినా కొన్నాను. సీజన్ మొత్తానికి టికెట్లు ముందే చేతికొచ్చేవి. కాయితం టికెట్లు, రంగుల్లో అచ్చేసినవి. వాటిని పాస్‌పోర్టు పెట్టిన డ్రాయర్లోనే దాచుకున్నాను.

ఆ శనివారాల్లో సగం ఆనందం నడకలోనే ఉండేది. స్టేట్ స్ట్రీట్ పట్టుకుని దక్షిణంగా వెళితే, హూవర్ వీధి దగ్గరకొచ్చేసరికి కార్లు నడిచే రోడ్డు మీద మనుషులే ఉండేవారు. విద్యార్థుల ఇళ్ళ వరండాల మీద పాత సోఫాలు, గడ్డి మీద గ్రిల్లు పొగ, స్పీకర్లలో పాటలు. ఇళ్ళవాళ్ళు తమ పెరట్లో కారు పెట్టుకోనిచ్చి డబ్బులు తీసుకునేవారు. ఒక ముసలావిడ అట్టముక్క మీద ధర రాసి, కుర్చీ వేసుకుని, వచ్చే పోయే కార్లను చేత్తోనే అటూ ఇటూ తిప్పి, ఇరుకు పెరట్లో ఎన్ని సర్దేదో చూస్తే మా ఆటోమొబైల్ ఇంజనీర్లకు సిగ్గేసేది. టికెట్లు అమ్మేవాళ్ళు రెండు వేళ్ళు పైకెత్తి నిలబడేవారు. ఇంతలో రెవెల్లీ హాలు దగ్గర్నుంచి డ్రమ్ముల చప్పుడు మొదలయ్యేది. బ్యాండు వరసలు కట్టి స్టేడియానికి నడుస్తుంటే జనం దారి వదిలి, మళ్ళీ వాళ్ళ వెనకే కలిసిపోయేవారు.

స్టేడియం బయటి నుంచి చూస్తే ఏమంత ఎత్తుగా ఉండేది కాదు. లక్షమంది ఇందులో పడతారా అనిపించేది. 1927లో ఫీల్డింగ్ యోస్ట్ దాన్ని నేలలోకి తవ్వించి కట్టించాడు. అప్పట్లో 72 వేల మందికే కట్టినా, ముందు ముందు లక్ష దాటేలా పెంచడానికి వీలుగా పునాదులు వేయించాడట. వీధిమట్టంలో గేటు దాటి లోపలికి అడుగుపెడితే మనం ఉండేది దాదాపు పై వరసలో. కళ్ళ ముందు ఒక్కసారిగా లోయ. మాది గుంటూరు జిల్లా. చిన్నప్పుడు కోటప్పకొండ తిరునాళ్ళలో కొండ మీంచి కిందికి చూసినప్పుడు కలిగిన ఒళ్ళు జలదరింపు మళ్ళీ అక్కడే కలిగింది. ప్రభలు లేవు గానీ మిగతా అంతా ఉంది.

కూర్చునేవి కుర్చీలు కావు, పొడవాటి బెంచీలు. మన హక్కు బెంచీ మీద అంకె వేసిన కొద్ది అంగుళాలే. సెప్టెంబరులో సరిపోయేది. నవంబరులో అందరూ కోట్లు వేసుకొచ్చాక ఒక వరస మనుషులు ఆ వరసలో పట్టేవారు కారు. పక్కకి తిరిగి నిలబడేవాళ్ళం. అయినా విద్యార్థుల వైపు కూర్చునే అలవాటే లేదు, ఆట మొదలైంది లగాయతు నిలువుకాళ్ళ మీదే. స్టేడియం సామర్థ్యం చెప్పే అంకెలో చివర ఎప్పుడూ ఒక ఒకటి ఉంటుంది. 1956లో 1,01,001 చేశారు. ఆ పైన ఒక్క సీటు పాత కోచ్, అథ్లెటిక్ డైరెక్టరు ఫ్రిట్జ్ క్రైస్లర్ కోసమని చెబుతారు. అదెక్కడుందో ఎవరికీ తెలియదు. తమకు దొరికిన మంచి సీటు అదేనని చెప్పుకునేవాళ్ళు మాత్రం ప్రతి వరసలోనూ ఉండేవారు.

ఆట నాకు నేర్పింది పక్కవాళ్ళే. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు, అంతే, మిగతాది తర్వాత నేర్చుకుందువుగాని అని వెనక వరస అబ్బాయి మొదటిరోజే చెప్పాడు. ముఖ్యమైన ఎత్తు (కీ ప్లే) వచ్చినప్పుడు అందరూ తాళంచెవులు తీసి ఆడించేవారు. నా దగ్గర గది తాళంచెవి ఒక్కటే ఉండేది, అది చప్పుడు చెయ్యదు. రెండోసారి వెళ్ళేటప్పుడు సైకిలు తాళంచెవీ, ఇండియా నుంచి తెచ్చిన పెట్టె తాళంచెవులూ గుత్తికి తగిలించుకుని వెళ్ళాను.

జేబులో ఫోను లేని కాలం కావడంతో బయట ప్రపంచంలో ఏం జరుగుతోందో మైకు చెప్పాల్సిందే. మిగతా ఊళ్ళలో జరుగుతున్న ఆటల స్కోర్లు మధ్యమధ్యలో చదివేవారు. పెద్ద జట్ల స్కోర్లకు ఓ మోస్తరు స్పందన. చివర్లో స్లిప్పరీ రాక్ అనే పేరు రాగానే స్టేడియమంతా కేకలు! పెన్సిల్వేనియాలో ఓ చిన్న కాలేజీ అది. మిషిగన్‌కీ దానికీ ఏ సంబంధమూ లేదు, పేరు తమాషాగా ఉందని ఎప్పుడో ఒక అనౌన్సరు చదవడం మొదలుపెడితే అదొక ఆచారమై కూర్చుంది. ఎంత దూరం పోయిందంటే 1979లో ఆ కాలేజీనే పిలిపించి, షిప్పెన్స్‌బర్గ్ అనే మరో చిన్న కాలేజీతో ఇదే మైదానంలో ఆడించారు. తమది కాని ఆ ఆట చూడటానికి 61 వేల మంది వచ్చారు. ఇంత పనికిమాలిన సంతోషాన్ని ఏ మార్కెటింగ్ విభాగమూ కల్పించలేదు.

1997 నాటికి నా చదువైపోయి డియర్‌బోర్న్‌లో ఉద్యోగం. నవంబరు 22న ఒహాయో స్టేట్‌తో ఆట. అప్పటికి మిషిగన్ ఒక్కటీ ఓడలేదు, దేశంలో నంబర్ వన్. ఇంకా చదువుకుంటున్న జూనియర్ ఒకడి దగ్గర టికెట్ సంపాదించి పాత మూలకే వెళ్ళాను. రెండో క్వార్టర్‌లో మిషిగన్ ఆటగాడు చార్ల్స్ వుడ్‌సన్ పంట్ (అవతలి జట్టు తన్నిన బంతి) అందుకుని 78 గజాలు పరిగెత్తిన సంగతి ఆ రోజు నేను చూశానని ఇప్పటికీ అందరికీ చెబుతుంటాను. నిజానికి చూసింది సగమే. నా ముందువాడు ఎగిరాడు, నేను పక్కకు వంగాను, అప్పటికే అతను సైడ్‌లైన్ పట్టుకుని పోతున్నాడు. మళ్ళీ చూసే వీలు లేదు. స్టేడియంలో పెద్ద వీడియో తెరలు వచ్చింది ఆ మరుసటేడు. "ఎవర్ని తప్పించుకున్నాడు? ఎక్కడ మలుపు తిరిగాడు?" అని పక్కవాణ్ణి అడిగాను, వాడు తన పక్కవాణ్ణి అడిగాడు. తలా ఒక ముక్క చెబితే ఆ పరుగును కూడగట్టుకున్నాం. 20-14తో గెలిచాక విద్యార్థులు మైదానంలోకి దిగిపోయారు. వుడ్‌సన్ పళ్ళ మధ్య గులాబీ పట్టుకుని ఆ గుంపులో ఉన్నాడని మర్నాడు పేపర్లో బొమ్మ చూస్తేనే తెలిసింది.

ఇంతకూ ఆ శనివారాన్ని ఎవరు పట్టుకుపోయారు? నా తోటివాళ్ళు చాలామంది ఫోన్ల మీదకు తోసేస్తారు, పిల్లలకు ఓపిక లేదంటారు. నేనొప్పుకోను. ఫోను రాకముందే కథ సగం నడిచింది.

టీవీ వస్తే స్టేడియాలకు జనం రారన్న భయం పాతది. 1950ల మొదట్లోనే కాలేజీ క్రీడల సంఘం ఎన్‌సీఏఏ ఆ భయంతో ప్రసారాలకు కళ్ళెం వేసింది. వారానికి ఏవో కొన్ని ఆటలే చూపించాలి, 1980ల మొదటి ఒప్పందాల్లోనైతే ఏ జట్టూ రెండేళ్ళలో ఆరుసార్లకు మించి కనపడకూడదు. ఓక్లహోమా, జార్జియా విశ్వవిద్యాలయాలు కోర్టుకెళ్ళాయి. 1984లో సుప్రీంకోర్టు 7-2 తేడాతో ఆ కట్టడి చెల్లదు పొమ్మంది. అది పోటీని అణచివేస్తోందని తీర్పు. ఒప్పుకోని ఇద్దరిలో జస్టిస్ బైరన్ వైట్ ఒకరు. ఆయన కుర్రతనంలో కొలరాడో విశ్వవిద్యాలయానికి ఆడిన పేరుమోసిన ఫుట్‌బాల్ ఆటగాడు. ఆ తొమ్మిదిమందిలో ఆ మైదానంలో దెబ్బలు తిన్న మనిషి ఆయనొక్కడే. చట్టం ప్రకారం మిగతావాళ్ళే సరి కావచ్చు. కానీ ఆయన మాట వినుంటే బాగుండేదని నవంబరు చలిలో నాకు చాలాసార్లు అనిపించింది.

తలుపు తెరుచుకున్నాక ప్రసారం ఒక ప్రవాహమైపోయింది. 2007 ఆగస్టులో, మిషిగన్ ఉన్న బిగ్ టెన్ కూటమి తన సొంత చానలే పెట్టుకుంది. పెట్టిన రెండో రోజో మూడో రోజో అపలాచియన్ స్టేట్ అనే చిన్న జట్టు అదే చానల్లో, అదే మైదానంలో మిషిగన్‌ను 34-32తో ఓడించింది. 2022లో ఆ కూటమి మూడు పెద్ద నెట్‌వర్కులతో ఏడేళ్ళకు 700 కోట్ల డాలర్ల పైచిలుకు ఒప్పందం చేసుకుంది. అంత డబ్బిచ్చినవాడు గడియారం తన చేతిలో పెట్టమంటాడు కదా!

పెట్టారు. పూర్వం ఆట అంటే శనివారం మధ్యాహ్నం, అంతే. మిషిగన్ స్టేడియంలో శాశ్వత దీపాలు 2010 దాకా లేవు, మొదటి రాత్రి ఆట జరిగింది 2011లో. ఇప్పుడు చాలా ఆటలకు సమయం ముందు తెలియదు. పన్నెండింటికా, మూడున్నరకా, రాత్రి ఏడున్నరకా అన్నది టీవీ వాళ్ళు చూసుకుని పది పన్నెండు రోజుల ముందు చెబుతారు, ఒక్కోసారి ఆ వారంలోనే. ఇప్పుడు మేముండే కాంటన్‌లో తెలుగువాళ్ళు సత్యనారాయణ వ్రతానికి పురోహితుణ్ణి రెండు నెలల ముందు మాట్లాడుకుంటారు. ఆ శనివారం ఆట ఉందని తెలుసు, ఎన్నింటికో తెలియదు. ఆ అయోమయంలో టికెట్లు అమ్మేసుకున్నవాళ్ళు నాకు చాలామంది తెలుసు. వ్రతం అయ్యాక ప్రసాదం తింటూ టీవీలో చూస్తారు.

స్టేడియంలో కూర్చున్నవాడికి అంతకన్నా పెద్ద శిక్ష ప్రకటనల విరామం. ఆట గడియారం 60 నిమిషాలే, పూర్తయ్యేసరికి మూడు గంటల ఇరవై నిమిషాలు దాటేది. టచ్‌డౌన్ అయిందా, విరామం. కిక్ఆఫ్ అయిందా, మళ్ళీ విరామం. టీవీ తరఫు మనిషొకడు సైడ్‌లైన్ మీద నిలబడి చెయ్యి దించేదాకా ఇరవై ఇద్దరు ఆటగాళ్ళు నడుము మీద చేతులేసుకుని నిలబడాలి. ఇంట్లో ఉన్నవాడు ఆ టైములో టీ పెట్టుకుంటాడు. స్టేడియంలో మనం మంచు పడుతున్న బెంచీ మీద నిలబడి, ఖాళీ మైదానాన్ని చూస్తూ ఉంటాం. 2023లో గడియారం నిబంధనలు కాస్త మార్చి ఆటను కొన్ని నిమిషాలు తగ్గించారు. ప్రకటనలను మాత్రం ముట్టుకోలేదు.

ఇంట్లోవాడికి ఇంకో సుఖం ఉంది. పది గజాల హద్దు చూపించే పసుపు గీత 1998 నుంచి టీవీ తెర మీద కనపడుతోంది. మా బావమరిది హైదరాబాదు నుంచి వచ్చినప్పుడు స్టేడియానికి తీసుకెళ్తే, అరగంట చూసి, "బావా, ఆ పసుపు గీత ఏది?" అన్నాడు.

డబ్బు సంగతి అందరికీ తెలిసిందే, క్లుప్తంగా చెబుతాను. చాలా విశ్వవిద్యాలయాల్లో మంచి సీటు కావాలంటే టికెట్టు ధర కాకుండా ముందు విరాళం ఇవ్వాలి. ఆ విరాళంలో 80 శాతానికి ఆదాయపు పన్నులో మినహాయింపు ఉండేది. 2018 నుంచి తీసేశారు. విద్యార్థులనూ వదల్లేదు. మిషిగన్‌లో 2013లో విద్యార్థి సీజన్ టికెట్ 295 డాలర్లు. అదే ఏడాది ఎవరు ముందొస్తే వాళ్ళకు ముందు వరస అని పద్ధతి మార్చారు. సీనియర్లకు మంచి వరసలన్న పాత మర్యాద పోయింది. పిల్లలు కొనడం మానేశారు. 2014లో రెండు కోక్ సీసాలు కొంటే రెండు టికెట్లు ఇస్తామన్న ప్రకటన పేపర్లకెక్కి నవ్వులపాలైంది. ఆ అక్టోబరు ఆఖరున అథ్లెటిక్ డైరెక్టరు రాజీనామా చేశాడు. మరుసటేడు విద్యార్థి టికెట్ 175 డాలర్లకు దించారు. ధర దిగొచ్చింది. కానీ ఆ రెండేళ్ళలో కాలేజీలో చేరినవాళ్ళకు శనివారం స్టేడియానికి వెళ్ళే అలవాటే పడలేదు. కొత్తగా వచ్చిన నాలాంటి వాణ్ణి "ఏరా, టికెట్లు తీసుకున్నావా" అని అడగాల్సిన సీనియర్లు వాళ్ళే మరి.

దేశం మొత్తం మీదా ఇదే వరస. పెద్ద డివిజన్‌లో ఆటకు సగటు హాజరు 2008 ప్రాంతంలో 46 వేలు దాటింది. 2018 నాటికి 42 వేల లోపుకొచ్చి, ఇరవై రెండేళ్ళలో అతి తక్కువగా నమోదైంది. అదీ ప్రకటించిన అంకె. ఆ ఏడాదే ఒక పత్రిక గేట్ల దగ్గర స్కాన్ అయిన టికెట్ల లెక్కలు తెప్పించి చూస్తే, నిజంగా లోపలికొచ్చినవాళ్ళు ప్రకటించినదాంట్లో 71 శాతమే. కోవిడ్ తర్వాత కొంత తేరుకుంది, గెలిచే జట్లకు జనం వస్తూనే ఉన్నారు. కాకపోతే ఎలాగోలా నిలబెట్టుకోవాలన్న ఆత్రం దాగదు. వైఫై పెట్టారు. దశాబ్దాల నిషేధం ఎత్తేసి చాలాచోట్ల బీరు అమ్ముతున్నారు. అలబామాలో విద్యార్థులు చివరి క్వార్టర్ దాకా ఉన్నారో లేదో ఫోను ద్వారా కనిపెట్టి, ఉన్నవాళ్ళకు పాయింట్లిచ్చే యాప్ 2019లో తెచ్చారు. దేశంలోకెల్లా గొప్ప జట్టున్న రోజుల్లో, గెలుస్తున్న ఆట మధ్యలో లేచిపోతున్న పిల్లల్ని కూర్చోబెట్టడానికి హాజరుపట్టీ!

మా అమ్మాయి కూడా ఇలాంటి ఒక విశ్వవిద్యాలయంలోనే చదువుతోంది. పొద్దున్నే కాలేజీ రంగుల బట్టలు వేసుకుని, స్నేహితుల ఇంటి పెరట్లో చేరుతుంది. అక్కడ టీవీ వరండాలో పెడతారు. ఆట మొదలయ్యాక ఎప్పుడో స్టేడియానికి వెళ్ళి, సగంలో తిరిగొస్తుంది. ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

"అంత డబ్బు పెట్టి కొని సగం చూసి వచ్చేయడమేంటమ్మా?"

"సగం చూడ్డం కాదు నాన్నా, అక్కడ సగం టైము ఏమీ జరగదు. అందరం కలిసుండేది పెరట్లోనేగా. స్టేడియంలో వేరువేరు సీట్లు."

నా దగ్గర జవాబు లేదు. మా రోజుల్లో కలిసుండే చోటు స్టేడియమే, ఇంకోటి ఉండేది కాదు. ఎవరు పరిగెత్తారో, ఎక్కడ పడ్డారో తెలియాలంటే పక్కవాణ్ణి అడగాల్సిందే. ఆ అడగడంలోనే నాకు సగంమంది స్నేహితులు దొరికారు. టీవీ తెర, ఫోను, విరామం, ఎప్పుడో తెలియని కిక్ఆఫ్, ఇవన్నీ ఒక్కొక్కటే వచ్చి ఆ అవసరాన్ని తీసేశాయి. జనం ఇప్పటికీ పక్కపక్కనే నిలబడతారు. ఒకరినొకరు అడగాల్సింది మాత్రం ఏమీ లేదు. మా అమ్మాయి ఆ అడగడాన్ని పెరట్లో వెతుక్కుంటోంది, తప్పేముంది?

ఈ మధ్య నేనూ, నా పాత రూమ్మేటూ ఇప్సిలాంటీ వెళ్తున్నాం. ఆన్ ఆర్బర్ పక్కనే, ఈస్టర్న్ మిషిగన్ వాళ్ళ రైనర్సన్ స్టేడియం. ముప్ఫై వేల సీట్లు. 2014 నుంచి అక్కడి గడ్డి బూడిద రంగు. ఫ్యాక్టరీ ఊరి జట్టు కదా, అదే ముచ్చట. పెద్ద డివిజన్‌లో ఉండాలంటే రెండేళ్ళకొకసారైనా సగటున 15 వేల మంది వచ్చినట్టు చూపించాలన్న నిబంధన చాలాకాలం ఉండేది. చిన్న కాలేజీలు ఆ అంకె కోసం పడ్డ పాట్లు ఒక హాస్యకథకు సరిపోతాయి. ఎక్కడ కూర్చున్నా అడిగేవాడు లేడు. హెల్మెట్లు ఢీకొన్న చప్పుడు చెవికి వినపడుతుంది. అయితే ఈస్టర్న్ మిషిగన్ ఉన్న కూటమి ఆటలు నవంబరులో చాలావరకు శనివారం జరగవు. శనివారం పెద్దవాళ్ళది. వీళ్ళకు మంగళవారమో బుధవారమో రాత్రి ఇస్తారు, ఆ రాత్రి చానల్లో ఇంకే ఆటా ఉండదు కాబట్టి. మర్నాడు ఉద్యోగాలు, పిల్లల బడి. చలి చెప్పక్కర్లేదు. బెంచీలన్నీ ఖాళీ, కెమెరాలు మాత్రం అన్నీ వచ్చేస్తాయి.

మొన్న ఒక మంగళవారం రాత్రి మూడో క్వార్టర్‌లో మా రూమ్మేటు ఫ్లాస్కులోంచి టీ పోస్తూ, ఆ పెనాల్టీ ఎందుకిచ్చారురా అని అడిగాడు. నాకూ తెలియదు. ముందు వరసల్లో ఒంటరిగా కూర్చున్న పెద్దాయన్ని అడిగాం. ఆయన లేచొచ్చి, మా పక్కన కూర్చుని, చేతులు తిప్పుతూ వివరంగా చెప్పడం మొదలుపెట్టాడు. ఆయన చెబుతుండగానే మా ఆవిడ దగ్గర్నుంచి ఫోనులో మెసేజి వచ్చింది: "ఏమండీ, మీరిద్దరూ టీవీలో కనపడుతున్నారు. టోపీ చెవుల మీదకి లాక్కోండి."